అనసూయమ్మగారి ఫ్రెంచి గడియారాలు

మొన్న మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నీరసంగా తిరిగి ఆగాయి, పక్క షాపులో టీవీ నోరు మూసుకుంది, భద్రాచలం బజారు కాసేపు సద్దుమణిగింది. అప్పుడు వినిపించింది, నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన చొక్కా జేబులోంచి, టిక్కు టిక్కుమని సన్నగా. ఎర్రుపాలెం వైపు నుంచి మనవరాలికి చెవిపోగులు చేయించడానికి వచ్చిన రైతు ఆయన. "కీ ఇచ్చే గడియారమా?" అని అడిగాను. "అవ్, మా నాయనది. సెల్లుల టైమున్నా సరే, దీన్ని చూస్తేగానీ నాకు ఆకలి గాదు" అన్నాడు. ఆయన మాట వింటూనే నా తల కొంచెం పక్కకు వాలిందని నేను గమనించాను. గడియారం చప్పుడు వినపడగానే తల వాల్చి, కళ్ళు సగం మూసి వినడం అనసూయమ్మగారి అలవాటు. ఆమె పోయి చాలాకాలమైంది. అలవాటు మాత్రం నా మెడలో ఉండిపోయింది.

నేను కంసాలిని. మా వృత్తి మీద లోకానికి ఉన్న అభిప్రాయం మీకు తెలిసే ఉంటుంది, నా చేత్తో నేను దాన్ని రాయను. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషీ నా ముఖం చూడకుండా నా వేళ్ళను చూస్తాడు. చూడనీ, అలవాటైపోయింది. అనసూయమ్మగారి గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది కానీ, ఆమెను ఎరగనివాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాను. సారపాకలో కాగితపు మిల్లుకు వెదురూ జామాయిల్ కర్రా తోలే కాంట్రాక్టరు భార్య ఆమె. కోస్తా నుంచి మొగుడితో వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆయన పోయాక లారీలనూ డ్రైవర్లనూ తానే నడిపించింది. పొడుగ్గా, ఎముకల మనిషి. గొంతు మాత్రం లారీ హారన్ కంటే ముందే మలుపు తిరిగేది. దుంగల లెక్కలో తేడా వస్తే డ్రైవర్లు ఎండలో నిలబడి చెమటలు కక్కేవారు. అలాంటి మనిషి ఫ్రెంచివాళ్ళ పాతకాలపు బంగారు జేబు గడియారాలు పోగుచేస్తుందంటే, మొదట నేనూ నమ్మలేదు.

ఆమె మొదటిసారి నా దుకాణం మెట్లెక్కినది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. గోదావరి మీద వంతెన దాటి, ఆటో దిగి, నేరుగా వచ్చి కూర్చుని, సంచిలోంచి చంద్రహారం తీసి త్రాసు పక్కన పెట్టింది. నేను మామూలుగా అడిగే మాటే అడిగాను.

"ఏం చేయిద్దామమ్మా దీంతోని?"

"ఏమీ చేయించొద్దు. దీని విలువ కట్టి ఇవ్వు. గడియారం కొనాలి."

"చేతి గడియారానికి గింత బంగారమెందుకమ్మా?"

ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, సంచిలోంచి పసుపు గుడ్డలో చుట్టిన మూట తీసి విప్పింది. లోపల పల్చని బంగారు జేబు గడియారం. వీపు మీద వెంట్రుకంత సన్నని గీతలు అలలు అలలుగా చెక్కి ఉన్నాయి. నేను కంసాలి చేసే పనే చేశాను. అరచేతిలో వేసుకుని బరువు చూశాను. "కేసు మంచి బంగారమే. లోపలి ఇత్తడి తీసేస్తే..." అని ఇంకా ఏదో అనబోతుంటే, ఆమె నా మణికట్టు పట్టుకుని నా చేతిని నా చెవి దగ్గరికే తోసింది. "ముందు విను. తూకం తర్వాత" అంది. విన్నాను. అంతవరకూ బంగారం చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. మా ఇంట్లో తరాలుగా బంగారాన్ని చూశాం, గీటురాయి మీద గీశాం, కరిగించాం. చెవికి పెట్టుకున్నవాడు మాత్రం ఎవడూ లేడు.

అలా మొదలైంది మా స్నేహం. దాన్ని స్నేహమనే అంటాను, ఆమె నాకు తల్లి వయసుదైనా. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఇంట్లో దొరికిన పాత బంగారాన్ని తెచ్చి గాజులు చేయించుకుంటుంటే, ఈమె గాజులు తెచ్చి గడియారాలు చేసుకుంటోందని మా ఆవిడ సరళ నవ్వేది. నిజమే. ఒక్కొక్క నగా నా దగ్గరికి వచ్చేది, కొన్నాళ్ళకు యానాం నుంచో, పాండిచ్చేరి నుంచో, హైదరాబాదు పాతబస్తీ నుంచో ఒక గడియారం ఆమె ఇంటికి చేరేది. ఫోన్ల మీద బేరాలాడేది. తర్వాత తర్వాత భద్రాచలంలో నెట్ సెంటర్ పెట్టాక అక్కడ కూర్చుని, ఆ కుర్రాళ్ళ మధ్య, తెర మీద గడియారాల బొమ్మలు చూసేది. మూతలూ కీళ్ళూ చెడితే నాకిచ్చేది. లోపలి యంత్రం జోలికి నన్ను వెళ్ళనిచ్చేది కాదు.

నాకు నేర్పిందంతా తిడుతూనే నేర్పింది. గడియారం మూత లోపలి అంచున నువ్వుగింజంత ముద్రలుంటాయి. ఒకరోజు భూతద్దం నా కంటికి బిగించి, "ఏం కనపడుతోంది?" అంది. "పక్షి తలకాయ" అన్నాను. "ఏ పక్షి?" అంది. పక్షి ఏదైతేనేం, బంగారం బంగారమే కదా అనుకున్నాను. కాదట. గద్ద తల ఉంటే ఫ్రాన్సులోనే చేసిన మేలిమి కేసు. గుడ్లగూబ ఉంటే బయటి దేశంలో చేసి ఫ్రాన్సుకు తెచ్చి అమ్మినది. ఫ్రెంచిదని చెప్పి గుడ్లగూబను అంటగట్టబోయిన వ్యాపారిని ఆమె ఫోనులో ఎంత కడిగిందో, ఆ పూట నేను దుకాణంలో ఉన్న మిగతా బేరగాళ్ళ ముందు సిగ్గుపడ్డాను. మరొకసారి ఒక గడియారం వీపు బాగా అరిగిపోయి ఉంటే, ఆమె అడగకపోయినా మంచి చేద్దామని మెరుగు పెట్టబోయాను. నా చేతిలోంచి లాక్కుంది.

"అరిగింది ఉండనీ వీరాచారీ."

"కొత్తదానిలెక్క మెరుస్తదమ్మా."

"కొత్తది కావాలంటే నీ దగ్గరికెందుకు వస్తాను? ఎవరో రోజూ జేబులోంచి తీసి ఇక్కడ బొటనవేలు ఆనించాడు. ఎన్నేళ్ళు ఆనిస్తే ఇంత అరిగుంటుంది? దాన్ని నువ్వొక్క పూటలో తుడిచేస్తావా?"

నాకు కోపం వచ్చింది. పనివాడిని పని చేయొద్దంటే ఎవరికి రాదు. కానీ ఆ రోజు తర్వాత, పాత నగ ఏది నా ముందుకు వచ్చినా, కుంపటి వైపు చూసేముందు అది ఎక్కడ అరిగిందో చూడడం మొదలుపెట్టాను. మెట్టెలు అడుగున అరుగుతాయి. పుస్తెలు వేళ్ళతో పట్టుకుని కళ్ళకద్దుకునేచోట అరుగుతాయి. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, నేను చూడలేదు. ఆమె చూపించింది.

ఆమెకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చాలాకాలం అడగలేదు. ఒక వానాకాలం, గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటి వంతెన మీద జనం నీళ్ళు చూడడానికి గుమిగూడిన రోజు, ఆమె ఆటో దొరక్క నా దుకాణంలో ఇరుక్కుపోయింది. చేతికి రెండు గాజులుండేవి, నగలన్నీ ఒక్కటొక్కటే వెళ్ళిపోయినా అవి మాత్రం ఎప్పుడూ తీయలేదు. వాటిని తిప్పుకుంటూ తానే చెప్పింది. వాళ్ళ నాన్న యానాంలో ఒక ఫ్రెంచి దొర దగ్గర గుమాస్తా. ఇక్కడి అడవుల నుంచి తెప్పలు కట్టి గోదావరిలో వదిలిన కలప కిందికి చేరితే, దాన్ని లెక్క చూసేవాడు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయేటప్పుడు ఆ దొర తన జేబులోని బంగారు గడియారం తీసి ఈయన చేతిలో పెట్టాడట. పిల్లలంతా పొద్దున్నే చుట్టూ చేరితే, నాన్న తాళంచెవి తిప్పి, ఒక్కొక్కరి చెవికీ పెట్టేవాడట. తరువాత ఈమె పెళ్ళి కుదిరింది. ఒకరోజు నాన్న బజారుకెళ్ళి రెండు గాజులతో తిరిగొచ్చాడు.

"నన్నెవరూ అడగలేదు వీరాచారీ. అడిగితే వద్దనేదాన్ని. ఆయన పోయేదాకా, టైమెంత అయిందని ఎవరైనా అడిగితే చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయేది. అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి ఆకాశం వైపు చూసేవాడు. ఈ గాజులు చప్పుడైనప్పుడల్లా నాకు ఆ చెయ్యే కనపడుతుంది."

ఆ గడియారాన్ని కరిగించినవాడు నాలాంటి కంసాలే కదా. అతని తప్పేమీ లేదు, తెచ్చిచ్చింది కరిగించాడు. అయినా మా వాళ్ళందరి తరఫునా నేనే తల దించుకున్నాను.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఆమెకు తాను వెతుకుతున్నది దొరికింది. నీలం మీనా వీపు, లోపల గద్ద తల, పక్కన చిన్న మీట. ఆ మీట జరిపితే లోపల సన్నని గంట కొట్టి ఎన్ని గంటలైందో చెబుతుంది. నాన్న గడియారం సరిగ్గా అలాంటిదే. అలాంటివి చాలా అరుదు, ఉన్నవాళ్ళు వదలరు. పాండిచ్చేరిలో ఒక ముసలాయన్ని ఎన్ని ఉత్తరాలు రాసి, ఎన్నిసార్లు ఫోను చేసి ఒప్పించిందో నాకు తెలుసు. కానీ అది మూత కీలు విరిగి వచ్చింది. మీనా అంటే రంగు గాజుపూత, నిప్పు తగిలితే పగిలిపోతుంది. అందుకని అగ్గి చూపకుండా, సన్నని బంగారు తీగ లాగి, దాన్నే కీలుకు మేకుగా దిగ్గొట్టి నిలబెట్టాను. నా చేతుల మీదుగా జరిగిన మంచి పనుల్లో అదొకటి. అప్పుడామె కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్ళి ఉంది. అంత విలువైన వస్తువు నా దగ్గర పెట్టుకోవడం ఇష్టంలేక, సారపాక వెళ్ళి వాళ్ళ అత్తగారి చేతికిచ్చి వచ్చాను. ఆమెను అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. బాగా ముసలామె. గుడ్డ విప్పి చూపించి, "జాగ్రత్తమ్మా, కోడలుగారొచ్చినంక ఇయ్యాలె" అన్నాను. "నాకు చెప్పాలా నాయనా" అంది. చీటీ రాయించుకునే అలవాటు మా మధ్య లేదు.

అనసూయమ్మగారు తిరిగొచ్చి ఫోను చేసింది. పని అయిందా అని అడిగింది. అయిందనీ, పెద్దమ్మగారి చేతికే ఇచ్చాననీ చెప్పాను. "అలాగా. అడుగుతానుండు" అని పెట్టేసింది. మళ్ళీ ఫోను రాలేదు. సాయంత్రానికి నేనే వెళ్ళాను. బీరువాలూ పెట్టెలూ అన్నీ కిందికి దించి ఉన్నాయి. పెద్దమ్మగారు కుర్చీలో కూర్చుని నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఎవరూ రాలేదమ్మా. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు" అంది. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు నిజంగానే గుర్తు లేదు. అది నాకు అర్థమైంది, అర్థమైనందువల్ల నాకేమీ ఒరగలేదు.

అనసూయమ్మగారి మరిది శేషగిరి లారీల పని చూసేవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "మా అమ్మ మతిమరుపు చూసి నెడుతున్నావా దాని మీదికి? పోలీసు స్టేషన్లో చెబుదువు పద" అన్నాడు. అనసూయమ్మగారు గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోవడం నేను అదే మొదటిసారి చూడడం.

"ఇచ్చానంటున్నాడు. ఇచ్చాడు. మన ఇంట్లోనే ఎక్కడో ఉంది, వెతకండి" అంది.

"వదినా, నువ్వు..."

"శేషగిరీ, స్టేషను మాట ఇంకొకసారి వినపడితే ముందు నీ మీదే పెడతాను కేసు."

కేసయితే కాలేదు గానీ, మాట గోదావరి దాటి బజారుకు రావడానికి ఎంతసేపు? నా దుకాణం ముందు నుంచి పోయేవాళ్ళ నడక మారింది. పెళ్ళి పని ఒప్పుకున్న ఒక కుటుంబం బంగారం వెనక్కి తీసుకుంది, ముహూర్తం మారిందని చెప్పి. తూకం వేసేటప్పుడు ఎదుటివాళ్ళు త్రాసు ముల్లు మీదికి వంగి చూసేవాళ్ళు. మా నాయన సంపాదించి నాకిచ్చింది దుకాణం కాదు, పేరు. అది నా చేతిలో ఇసుకలా జారిపోతుంటే పట్టుకోవడమెలాగో తెలియలేదు. సరళ ఒకరోజు, "ఖమ్మం పోదామా, అక్కడెవరికీ తెల్వదు" అంది. వద్దన్నాను గానీ, ఆ ఆలోచన అంతకుముందే నాకూ వచ్చింది. వెళ్ళిపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఉంటే రోజూ ఆ చూపులు. అప్పుల్లో పడ్డవాడికి ఎప్పటికైనా తీర్చే దారి ఉంటుంది, దొంగ అనిపించుకున్నవాడు ఏం తీర్చి బయటపడతాడు?

అలాంటి రోజుల్లో, సంత రోజు, బజారు కిటకిటలాడుతుండగా, అనసూయమ్మగారు వచ్చి నా దుకాణం అరుగు మీద అందరికీ కనపడేలా కూర్చుంది. సంచిలోంచి ఇంకొక బంగారు గడియారం తీసి, పదిమంది వినేలా, "దీని కొక్కెం వదులైంది, చూడు" అంది. చూశాను. కొక్కెం శుభ్రంగా ఉంది. "ఏం గాలేదమ్మా దీనికి" అన్నాను. "అయింది. నీకు కనపడడం లేదు. నీ దగ్గరే ఉంచుకుని తీరిగ్గా చూడు" అని, దాన్ని నా చేతిలో పెట్టి, మజ్జిగ తెప్పించుకుని తాగి, పరిచయస్తులందరినీ పలకరించి, ఎండ తగ్గాక లేచి వెళ్ళింది. ఆ గడియారాన్ని ఇనప్పెట్టెలో పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు హుండీ సంగతి చెప్పాలి. దుమ్ముగూడెం దారిలో, అనసూయమ్మగారి వాళ్ళ పొలాలున్న ఒక ఊళ్ళో చిన్న రామాలయం ఉంది. ఏటా ఒకసారి ఊరి పెద్దలు అందరి ముందూ హుండీ విప్పి, కానుకలు లెక్కపెడతారు. అందులో పడ్డ బంగారం, వెండి ఏది అసలో ఏది గిల్టో తేల్చి తూకం వేయడానికి మా నాయన వెళ్ళేవాడు, ఆయన తర్వాత నేను. హుండీ తాళంచెవి సోమయ్య అనే కోయ రైతు దగ్గర ఉండేది. ఆయన మాట తప్పడని ఊరందరి నమ్మకం. ఆ ఏడు సోమయ్య నా దుకాణానికి వచ్చి, నిలబడే, ఇబ్బందిగా చెప్పాడు.

"చారీ, ఈపాలి వేరేటోళ్ళను పిలుద్దమని కొందరన్నరు."

నాకు ముఖం చెల్లలేదు. "మంచిదే సోమయ్యా. పిలుసుకోండ్రి" అన్నాను.

"నేను వచ్చింది గది చెప్పనీకి కాదు. అనసూయమ్మ వచ్చి గుడి ముందర కూసున్నది. వీరాచారి రాకుంటే పెట్టెకు తాళం తియ్యనియ్య అన్నది. గామె మాట కాదనేటోడు ఎవడు? నువ్వు జల్దీ వచ్చుడే."

వెళ్ళాను. మండపంలో చాప పరిచి, దాని మీద తెల్లగుడ్డ వేసి, హుండీ బోర్లించారు. చిల్లర ఒకవైపు, నోట్లు ఒకవైపు. ముడుపులు ఒకవైపు. ముడుపంటే తెలుసుగా, మొక్కుకున్న వస్తువును పసుపు గుడ్డలో కట్టి, దేవుడి అరలో పెట్టి, కోరిక తీరాక తెచ్చి హుండీలో వేస్తారు. కట్టిన ముడుపును దారిలో ఎవరూ విప్పరు, విప్పకూడదు. హుండీ లెక్కలోనే విప్పాలి. ఆ ఊళ్ళో దాన్ని నేను ముట్టుకోను. సోమయ్య అందరి ముందూ ముడి విప్పి, లోపలిది నా త్రాసులో వేస్తాడు. ఒక పక్కన అనసూయమ్మగారు, ఆమె పక్కన పెద్దమ్మగారు కుర్చీలో. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ వెండి మీద కాదు, నా వేళ్ళ మీదే ఉన్నాయి. సోమయ్య ఒక ముడుపు విప్పాడు, వెండి కళ్ళు. "మా కోడలి కంటికి మొక్కాను నాయనా" అంది పెద్దమ్మగారు సంబరంగా. అదే రంగు గుడ్డలో ఇంకొకటి, రూపాయి బిళ్ళా పసుపు బియ్యమూ. అది లారీ కోసమట. పెద్దమ్మగారు ప్రతిదానికీ ముడుపు కట్టే మనిషి, మోకాలి నొప్పికీ, వానకూ. కోడలి కన్ను బాగుపడిందని, అరలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని ఒకేసారి తెచ్చి హుండీలో వేసింది. సోమయ్య మూడో ముడి విప్పాడు.

"ఇదేంది చారీ, గడియారం" అన్నాడు.

నీలం మీనా. నా కీలు. నేను దిగ్గొట్టిన బంగారు మేకు నాకు అక్కడినుంచే కనపడింది. పెద్దమ్మగారి గుడ్డలూ, గడియారాలు చుట్టే గుడ్డలూ ఒకటే. పాత నేత చీర చింపి, పసుపులో ముంచి ఆరేసేది ఆమే కదా. నేనిచ్చిన మూటను భద్రంగా ఉంటుందని దేవుడి అరలో పెట్టింది, పెట్టి మరిచింది. తరువాత చూస్తే పెద్దమ్మగారికి అదీ ఒక ముడుపులాగే కనపడింది. ఇల్లంతా గాలించిన శేషగిరి కూడా దేవుడి అర జోలికి పోలేదు, ముడుపులు విప్పకూడదు కనుక. అతను మండపం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి తీయకుండా అలాగే ఉంచాడు.

అనసూయమ్మగారు గడియారాన్ని అందుకుంది. పర్సులోంచి తాళంచెవి తీసి తిప్పింది. మీట జరిపింది. మండపంలో అంతమంది ఉన్నా, ఆ సన్నని గంట అందరికీ వినపడింది. ఆమె తల పక్కకు వాల్చి వింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు పెద్దల మధ్య చిక్కు వచ్చింది. హుండీలో పడ్డది దేవుడి సొమ్ము. పొరపాటున పడ్డా అంతే. బంగారానికి బంగారం ఇచ్చి తీసుకోవచ్చని ఒకరన్నారు. అనసూయమ్మగారు చేతి గాజులు రెండూ తీసి నా త్రాసులో వేసింది. నాకు మతి పోయింది. "అమ్మా, ఇవి వద్దు" అన్నాను మెల్లగా.

"ఎందుకొద్దు? ఇదీ గడియారమేగా. దేవుడి గడియారం నేను తీసుకుని, నా గడియారం దేవుడికిస్తున్నాను. చాలా ఏళ్ళు మోశాను, ఇక చాలు."

రెండో తట్టలో గడియారం పెట్టాను. లోపలి ఇత్తడి బరువు తీసేసి లెక్కకట్టాలని చెప్పబోయాను. "దేవుడి దగ్గర కూడా తరుగు తీస్తావా వీరాచారీ?" అంది. మండపమంతా నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత జనం నన్ను చూసి కాదు, నాతో కలిసి నవ్వారు. ఇంటికొచ్చేసరికి సరళకు నేను చెప్పాల్సిన పనిలేకపోయింది. ఎవరో ముందే చెప్పారు. గడపలో నిలబడి ఉంది. ఆ రాత్రి మేమిద్దరం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాం.

ఆ తర్వాత జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ముహూర్తం మారిందన్న కుటుంబం కూడా వచ్చింది, ముహూర్తం మళ్ళీ పాతదే అయిందట. పని ఒప్పుకున్నాను. కానీ నాలో ఒక ముల్లు మిగిలింది, అది వాళ్ళది కాదు, అనసూయమ్మగారిది. ఆమె నన్ను అంతలా నమ్మింది. అంత నమ్మకానికి నేను తగినవాడినా? నేనే ఆమె స్థానంలో ఉంటే, సొంత తమ్ముణ్ణయినా అలా నమ్మేవాడినా? నమ్మేవాడిని కాదని నాకు తెలుసు. ఆ ఆలోచన నన్ను ఆమె ముందు సరిగా కూర్చోనిచ్చేది కాదు. కొక్కెం చెడని ఆ గడియారాన్ని తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు అడిగేశాను.

"అమ్మా, మీకు ఒక్కసారన్నా నా మీద అనుమానం రాలేదా?"

ఆమె వరండాలో కూర్చుని గడియారాలకు ఒక్కొక్కదానికీ తాళం తిప్పుతోంది. చేతులు బోసిగా ఉన్నాయి. తల ఎత్తకుండానే చెప్పింది.

"వచ్చింది. మర్నాడు పొద్దున కాఫీ కలుపుకుంటుంటే వచ్చింది. బంగారం పని చేసేవాడు, అంత మంచి వస్తువు, చేతిలో పడింది, ఎందుకు కాకూడదు అనుకున్నాను. చాలా రోజులే ఉంది ఆ అనుమానం. నీ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగిన రోజు కూడా ఉంది."

"మరి ఎన్నడూ అనలేదేందమ్మా?"

"అంటే, తర్వాత గడియారం దొరికినా నువ్వు దొరకవు కదయ్యా."

అని ఇంకొక గడియారం చేతిలోకి తీసుకుంది. నాకు బాధ కలగాలి. కలగలేదు. పెద్ద మూట దించి నేల మీద పెట్టినట్టనిపించింది. ఎవరినైనా కళ్ళు మూసుకుని నమ్మాలంటే నా వల్ల కాదు, నేను అంతటి మనిషిని కాను. కానీ ఆమె చేసింది అది కానే కాదు. అనుమానం ఆమెకూ వచ్చింది, అందరికీ వచ్చినట్టే. దాన్ని నోటి దాకా రానివ్వలేదు, అంతే. అదయితే నేనూ చేయగలను.

ఆమె పోయాక గడియారాలు కూతురింటికి వెళ్ళాయి. ఆ అమ్మాయి వాటికి రోజూ తాళం తిప్పుతుందని విన్నాను, సంతోషం. నాకంటూ ఆమె వస్తువేదీ మిగల్లేదు. నిరుడు దీపావళి ముందు దుకాణంలో ఒక వజ్రపు ముక్కుపుడక కనపడలేదు. నా దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న నరసింహం ఒక్కడే ఆ పూట నాతో ఉన్నాడు. కొడుకు ఫీజు కట్టాలని ఆ వారమే బాధపడ్డాడు. ఇద్దరం కలిసి వెతికాం, టీ తెప్పించుకుని తాగాం, మళ్ళీ వెతికాం. మూడోరోజు ఊడుస్తుంటే త్రాసు పీట కింది సందులో దొరికింది. "బతికిపోయినం అన్నా" అన్నాడు నరసింహం. అవును, బతికిపోయాం. నాకు అతని మీద అనుమానం వచ్చిన సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు.